విందుల్లో ‘పడదు’ అన్న మాటకు విలువ ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గత నెలలో నగరంలోని ఒక ఫంక్షన్ హాలులో బంధువుల పెళ్లి విందుకు వెళ్లాం. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి జీడిపప్పు పడదు. అందుకే వెజ్ కుర్మా వడ్డించబోతున్న అబ్బాయిని ఆపి, అందులో జీడిపప్పు ఉందా అని అడిగాను. అతను గిన్నెలోకి ఒకసారి చూసి, లేదమ్మా, కొబ్బరే అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, ఎందుకంటే నూరి కలిపిన జీడిపప్పు ముద్ద కంటికి కనిపించదు. వండినవారు ఎక్కడో వెనక ఉన్నారు, వడ్డించేవారికి వంట సంగతి చెప్పినవారు లేరు. పది నిమిషాల్లో పాప పెదవులు వాచి, ఒంటి నిండా దద్దుర్లు లేచి, గొంతు బొంగురుపోయి ఊపిరి తీసుకోవడం కష్టమైంది. దగ్గర్లోని క్లినిక్‌లో దద్దుర్లకు ఇచ్చే సూది వేసి కాసేపు కూర్చోమన్నారు. కూర్చోకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాం. అక్కడ తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే పాప శ్వాస తేలికపడింది. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చని ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు.

మన భాషలో ‘పడదు’ అన్న ఒక్క మాట రెండు వేర్వేరు బాధలను మోస్తోంది. పాలు పడవు అనేవారిలో చాలామందికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి, అయినా వారిలో ఎందరో పెరుగు హాయిగా తింటారు. అది ఇబ్బందే తప్ప ప్రాణాపాయం కాదు. జీడిపప్పు, పల్లీలు, రొయ్యలు, గుడ్డు వంటి వాటికి అలర్జీ ఉన్నవారి సంగతి వేరు. అక్కడ శరీర రక్షణ వ్యవస్థే ఆ పదార్థాన్ని శత్రువుగా భావించి ఎదురుతిరుగుతుంది, కొందరిలో కొద్దిపాటి ముద్దకే శ్వాసనాళాలు బిగుసుకుపోయి రక్తపోటు పడిపోతుంది. రెండింటికీ ఒకే మాట కావడం వల్లే “ఒక ముద్ద తింటే ఏమవుతుందిలే” అని పెద్దవాళ్లు ప్రేమగానే బలవంతం చేస్తుంటారు.

మన వంటల్లో దాగి ఉండేవి చాలానే ఉన్నాయి. మిర్చీ కా సాలన్‌లో, బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు నూరే వేస్తారు. బజారులో దొరికే ఇంగువ డబ్బాల్లో చాలావాటిలో మైదా కలుస్తుంది కాబట్టి, గోధుమ ముట్టకూడని సీలియాక్ వ్యాధిగ్రస్తులకు సాంబారు కూడా అనుమానించవలసిన వంటకమే.

కేంద్ర ప్రభుత్వ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (FSSAI) 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పాకెట్ల మీద గ్లూటెన్ (గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే జిగురు ప్రొటీన్) ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉన్నాయని ముద్రించాలి. ఆ సంస్థ నేరుగా ఇచ్చే సెంట్రల్ లైసెన్సు ఉన్న, లేదా పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు కూడా ఈ సమాచారం ఇవ్వాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు, మన పచ్చళ్లు, పొడులు, సాలన్‌ల సంగతి తెలిసినవారికి ఇది పెద్ద లోటే. అంతకన్నా పెద్ద లోటు, మనం రోజూ తినే చిన్న టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, వేలమందికి వండే కేటరర్లలో అత్యధికులు ఈ నిబంధన పరిధిలోకి రాకపోవడం.

ప్రభుత్వం తలచుకుంటే చేయలేనిది కాదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఇక్కడ నిషేధం ఏదీ అడగడం లేదు. ప్రతి గిన్నె ముందు వంటకం పేరు, అందులో వేసిన పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ వివరం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాసిన చిన్న అట్టముక్క పెట్టాలని, వడ్డించేవారికి తెలియకపోతే తెలియదనే చెప్పాలని లైసెన్సు షరతుగా చేర్చమని కోరుతున్నాను.

రెండో మాట మందు గురించి. దద్దుర్ల మాత్ర దురదను తగ్గిస్తుంది కానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. ఆ స్థితిలో మొదట ఇవ్వవలసింది అడ్రినలిన్. ఆ మందు ఉండే చిన్న గాజు సీసా (ఆంప్యూల్) ఖరీదైనదేమీ కాదు, ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. విదేశాల్లో పిల్లలు బడి సంచిలో పెట్టుకునే పెన్ను లాంటి ఇంజెక్షన్ మన మందుల దుకాణాల్లో సులువుగా దొరకదు కాబట్టి, మనకు దిక్కు దగ్గర్లోని క్లినిక్కే. ప్రతి ప్రైవేటు క్లినిక్‌లోనూ, బస్తీ దవాఖానాలోనూ ఈ మందు చేతికందేలా ఉంచి, బరువును బట్టి మోతాదు చెప్పే పట్టికను గోడకు అంటించేలా వైద్య ఆరోగ్య శాఖ ఆదేశాలివ్వాలి. శ్రావణంలో ముహూర్తాలు మొదలవకముందే రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ కేటరర్లను పిలిచి ఈ విషయం మాట్లాడాలని, మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

– ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్