కరోనా సాయం సాగు చేసేవారికి అందాల్సింది

ఎడిటర్ గారికి,

2020లో కరోనా సాయం పట్టా చూసి ఇచ్చారు, పంట చూసి కాదు. ఆనందపురం దగ్గర ఎకరం కౌలుకు తీసుకుని బంతి వేశాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక గుళ్లు మూశారు, పెళ్లిళ్లు ఆగాయి, పూలన్నీ గట్టునే పారబోశాం. కేంద్రం ఏప్రిల్‌లో ముందుగా వేసిన పీఎం కిసాన్ రూ.2,000 భూమి యజమాని ఖాతాలో పడింది. కౌలు మాత్రం పైసా తగ్గలేదు.

2019 సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలు చెల్లే కౌలు రైతు కార్డు ఇస్తామన్నారు. దానికి యజమాని సంతకం కావాలట! భూమి ఎక్కడ పోతుందోనని ఆయన పెట్టరు. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులన్నీ మావే. గ్రామ సచివాలయం సిబ్బంది పొలానికొచ్చి ఈ-క్రాప్‌లో (పంటల ఆన్‌లైన్ నమోదులో) ఎవరు సాగు చేస్తున్నారో రాసుకుని, ఇలాంటి సాయం డబ్బు వారి ఖాతాలోనే వేయాలి.

– ఓ కౌలు రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా