ఫారం నింపించే అక్కకు జీతమెవరిస్తారు?

సంపాదకులకు,

ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్ళకు దావావ్‌లో ఎంబీబీఎస్ సీటు గుర్తొస్తుంది. మా బంధువుల పిల్లలే ఇద్దరు అక్కడ చదివారు. మొన్న అక్టోబరులో కాలిఫోర్నియాలోని డేలీ సిటీకి, మా అబ్బాయి దగ్గరికి వచ్చేదాకా నాకూ అంతకు మించి తెలియదు. శాన్ ఫ్రాన్సిస్కోను ఆనుకొని ఉన్న ఈ ఊళ్ళో దాదాపు ముగ్గురిలో ఒకరు ఫిలిపినోలే.

పగలు ఇంట్లో తోచక లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. శనివారాల్లో పక్క బల్ల దగ్గర ఓ ఫిలిపినో అమ్మాయి, చుట్టూ నలుగురైదుగురు హైస్కూలు పిల్లలు. ఆమె డిగ్రీ మూడో ఏడు చదువుతోందట. పిల్లలు ‘ఆతె’ అని పిలుస్తారు, అంటే అక్క. మగవాడైతే ‘కుయా’, అన్న. 32 ఏళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి కదా, వద్దనుకున్నా చెవి అటే పోయేది.

వాళ్ళు కుస్తీ పడుతున్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తుతో. నవంబరు నెలాఖరుకల్లా పంపాలి. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకొని, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబు రాయాలి. చదువు కాక ఇంకేం చేస్తావో చెప్పే భాగం వేరే. ఓ కుర్రాడు అక్కడ ఆగిపోయాడు. ఆటల్లో లేడు, క్లబ్బుల్లో లేడు. “నేనేం చెయ్యను” అన్నాడు. “బడి నుంచి ఇంటికెళ్ళి ఏం చేస్తావు?” అందా అమ్మాయి. తల్లికి వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ. వీడు లోలాకు, అంటే బామ్మకు, అన్నం వండి పెట్టి, షుగర్ చూసి, మాత్రలిచ్చి, ఆపైన చెల్లెలి చేత హోంవర్క్ చేయిస్తాడట. వారానికి ఎన్ని గంటలో ఇద్దరూ వేళ్ళ మీద లెక్కేశారు. పాతిక దాటింది. “ఇదే రాయి” అంది. వాడు నమ్మలేదు. ఇంటి పని కూడా అందులో రాయొచ్చని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి.

అలాగని తల్లిదండ్రులు చదువురానివాళ్ళేం కాదు. వాళ్ళ దేశాన్ని జపాన్ ఆక్రమించిన కొన్నేళ్ళు మినహా 1898 నుంచి 1946 దాకా అమెరికానే ఏలింది. 1901లో ఓడెక్కించి టీచర్లను పంపి ఇంగ్లిషు బళ్ళు పెట్టించింది. 1903 నుంచి కొందరు పిల్లల్ని సర్కారు ఖర్చుతో ఇక్కడికి తెచ్చి చదివించింది. తర్వాతి కాలంలో నర్సులు తరలివచ్చారు. కానీ మనీలాలో డిగ్రీ చేసిన తల్లికి ఇక్కడి లెక్కలు తెలియవు. ఈ యూనివర్సిటీకి అర్హత రావాలంటే హైస్కూల్లో ఫలానా 15 కోర్సులు, సి గ్రేడుకు తగ్గకుండా పూర్తిచెయ్యాలి. తొమ్మిదో తరగతిలో చూసుకోవాల్సిన సంగతి పన్నెండులో తెలిస్తే ఏం లాభం?

బళ్ళో కౌన్సెలర్లుంటారు. వాళ్ళ దృష్టిలో ఏషియన్ పిల్లలంటే ఎలాగూ చదివేస్తారు. చైనా, ఇండియా, ఫిలిప్పీన్స్ పిల్లలందరినీ ఒకే గడిలో వేసి సగటు తీస్తే, మన సాఫ్ట్‌వేర్ ఇళ్ళ పిల్లల మార్కుల వెనక ఆ నైట్ డ్యూటీ ఇంటి పిల్లాడు కనబడడు. ఆ సగటులో మన చెయ్యీ ఉంది.

కాలేజీ విద్యార్థులే పూనుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నెలల తరబడి సమ్మె చేసినవాళ్ళలో ఫిలిపినో విద్యార్థి సంఘమూ ఉంది. ఎత్నిక్ స్టడీస్‌కు, అంటే నల్లవాళ్ళు, ఆసియావాళ్ళు వంటి వర్గాల చరిత్ర, సంస్కృతుల చదువుకు, విడిగా ఓ కాలేజీ వచ్చింది ఆ సమ్మె వల్లే. 2001లో అక్కడి నుంచే పినాయ్ ఎడ్యుకేషనల్ పార్ట్‌నర్‌షిప్స్ అనే కార్యక్రమం మొదలై, యూనివర్సిటీ విద్యార్థులు బాల్బోవా హైస్కూలుకు వెళ్ళి పాఠాలు చెప్పారు.

మా లైబ్రరీ అమ్మాయికి మాత్రం పైసా ఇచ్చేవారు లేరు. రైలు, బస్సు మారి గంటన్నర ప్రయాణం చేసి వస్తుంది. పిల్లలకు దరఖాస్తుల టెన్షన్ ఉన్న రోజుల్లోనే ఆమెకు పరీక్షలు. ఓ శనివారం పిల్లలంతా వెళ్ళాక కెమిస్ట్రీ పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయింది. లైబ్రరీ మూసే వేళకు నేనే లేపాను. సేవ అనే మంచి మాట అడ్డం పెట్టి చిన్నవాళ్ళ చేత ఊరికే పని చేయించుకోవడం మన దగ్గరా ఉన్నదే.

మన సంగతికొస్తే, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు పెట్టిన ఆప్షన్లకు తలూపి, ఎక్కడో రెండొందల కిలోమీటర్ల అవతల సీటొచ్చి చదువు మానేసిన పిల్లల్ని నా సర్వీసంతా చూశాను. ఆప్షన్ల వరస అంటే ఏమిటో వాళ్ళ కాలేజీ సీనియర్ ఒకరు అరగంట కూర్చుని చెప్పి ఉంటే సరిపోయేది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చదివి ఇప్పుడు డిగ్రీ, ఇంజనీరింగ్‌లో ఉన్నవాళ్ళను కాలేజీకి ఇద్దరు చొప్పున తీసుకొని, అడ్మిషన్ల కాలంలో ఈ పనికి పెట్టమని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులను కోరుతున్నాను. బస్సు చార్జీలతో పాటు, గెస్ట్ లెక్చరర్‌కిచ్చే దాంట్లో సగమైనా ఇవ్వాలి. గెస్ట్ లెక్చరర్లకే నెలనెలా అందడం లేదు కదా అంటారా, నిజమే, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను.

ఆ కుర్రాడి దరఖాస్తు నవంబరు 28న వెళ్ళింది. ఫలితం మార్చిలో వస్తుందట. అప్పటికి నేను తెనాలిలో ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, తెనాలి
(ప్రస్తుతం డేలీ సిటీ, కాలిఫోర్నియా)