ఒరేయ్ చీపురూ, నీ ఊరి మనిషి దొరికాడు

కాత్ర్ బోర్న్, మారిషస్
బుధవారం, రాత్రి పదిన్నర

ఒరేయ్ చీపురూ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. మనం సరిగ్గా మాట్లాడుకుని రెండేళ్ళు దాటింది. దీపావళికి నేనో దీపం బొమ్మ పంపితే నువ్వో బొటనవేలు పంపుతావు. ఉగాదికి నువ్వు పచ్చడి గిన్నె పంపితే నేను రెండు చేతులు జోడిస్తాను. కానీ ఇది బొటనవేలితో అయ్యే పని కాదు. అందుకే కాగితం మీద రాసి మనిషి చేతికిచ్చి పంపిస్తున్నాను. ఎవరి చేతికో తర్వాత చెప్తాను, చివరి పేజీ ముందు చూడకు. నీ డిటెక్టివ్ నవలల అలవాటు నాకు తెలుసు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. మీ చెల్లెలికి బీపీ అదుపులో ఉంది. చిన్నాడు టెన్త్ గట్టెక్కాడు, ఎలా గట్టెక్కాడని అడక్కు, వాడు నా కొడుకు. నేను బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద ఇక్కడికొచ్చి రెండున్నర నెలలైంది. ఇంకో నెలలో అయిపోవాలి, అవదు. అంతే.

ఇక అసలు సంగతి. మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటాయన, వాళ్ళావిడ, మనవరాలు. ఆయనకి డెబ్బై దాటాయి, బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే గుమ్మంలో కనబడి "కీ మాన్యేర్?" అంటారు, నేను "కొరెక్" అంటాను. ఎలా ఉన్నావంటే బానే ఉన్నానని. రెండు నెలలు మా మధ్య అంతకు మించి మాటల్లేవు. పోస్టు డబ్బా మీద ఇంటిపేరు ఫ్రెంచి స్పెల్లింగులో ఉంటే, నేను కూడబలుక్కుని చదివి, ఎవరో ఏమోలే అని వదిలేశాను.

మొన్న శనివారం సాయంత్రం మేడమీద కూర్చుని గాటో పిమా తింటున్నాను. పేరు చూసి బెదరకు, మన పప్పు వడే. రొట్టెకి వెన్న రాసి దాని మధ్యలో పెట్టుకు తింటారు. రైలుగేటు బాబాయి చూస్తే పొయ్యి ఆర్పేసి ఇంటికెళ్ళిపోతాడు. అలా తింటూండగా కింద నుంచి వినబడింది: "సింహాద్రి అప్పన్నా... గోవింద!"

ఒరేయ్, నాకు చేతిలో వడ చేతిలోనే ఉండిపోయింది.

దిగి వెళ్ళాను. హాల్లో మధ్యన దీపం, చుట్టూ పదిహేను మంది. రామభజనం అంటారట, ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తరాలుగా వస్తోంది. కొందరి చేతుల్లో నోటు పుస్తకాలు, వాటిలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాటలు. అర్థం తెలియనివాళ్ళు కూడా ఒక్క మాట తప్పకుండా పాడుతున్నారు. మనవరాలు లేచి వచ్చి చేతులు జోడించి "దయచేసి ఆసీనులు కండి" అంది! బళ్ళో నేర్చుకున్న తెలుగు. నాతో అలా మాట్లాడిన ఆడపిల్ల ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. మూడో నంబరు జామకాయతో సహా.

ఉగాదికి ఇక్కడ దేశమంతటా సెలవట. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దేశంలోనే జరిగాయట. అమ్మోరు పండుగ కూడా చేస్తారట. అన్నీ ఆ పిల్లే చెప్పింది, నేను వింటూ కూర్చున్నాను. ఇంతకాలం వీళ్ళింట్లో అద్దెకుంటూ వీళ్ళు తెలుగువాళ్ళని కనిపెట్టలేనివాణ్ణి, నేనేం చెప్తాను?

భోజనాలయ్యాక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశారు. వాళ్ళమ్మ కాలికి రాయి తగిలినా, పాలు పొంగినా "ఓలమ్మో" అనేదట. ఇక్కడ అందరూ మాట్లాడుకునే క్రియోల్‌లో ఆ మాట లేదు, మనవరాలి తెలుగు వాచకంలోనూ లేదు. "అది ఏ భాష?" అన్నారు. ఆయనకేం చెప్పనురా? అది తెలుగేనండీ, కాకపోతే విశాఖ దాటాక మాట్లాడే తెలుగు, మా అమ్మా అలాగే అనేది అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు.

అందులో మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చుకున్న కాగితం. కూలీలుగా వచ్చినవాళ్ళ రిజిస్టర్లన్నీ అక్కడ దాచారు. ఈయన ముత్తాతది 1859. మద్రాసులో ఓడెక్కాడు. ఒంటరి. పేరు అప్పడు, తండ్రి పేరు, వయసు 22, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, ఎడమ మోకాలి మీద మచ్చ, ఆరంకెల నంబరు. ఆ నంబరు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ అప్పడి పేరే తర్వాత వీళ్ళకి ఇంటిపేరైంది. జిల్లా విశాఖపట్నం అని సాఫీగానే ఉంది. ఊరి పేరు దగ్గరే ఇన్నేళ్ళ గొడవంతా. "షిపోర్పీ" అన్నారు ఆయన. పదేళ్ళుగా మ్యాపుల్లో వెతుకుతున్నారట షిపోర్పీ కోసం! ఒరిస్సాలో కూడా వెతికారు పాపం.

నేను కాగితం తీసుకుని చూశాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయాను. వీళ్ళకి ఫ్రెంచి అలవాటు కదా, మనం "చ" అనేదాన్ని "ష" అంటారు, చివర్న రెండు "ల"లు ఉంటే మింగేస్తారు. మింగినవి కక్కించి, "ష"ని "చ" చేసి చదివితే...

పడీ పడీ నవ్వానురా. అంత పెద్దమనిషి ముందు, ఆయన ముత్తాత కాగితం చేత్తో పట్టుకుని. చీపురుపల్లి! నీ ఊరు! నిన్ను ఇరవయ్యేళ్ళుగా ఏ పేరుతో పిలుస్తున్నానో ఆ పేరు!

ఎందుకు నవ్వానో చెప్పకపోతే మర్యాద కాదు. ఆ ఊరివాడు నాకో స్నేహితుడున్నాడు, ఊరి పేరులో సగం విరిచి వాణ్ణి పిలుస్తాను, ఆ సగానికి అర్థం ఇదీ అని మూల ఉన్న చీపురు చూపించాను. "బాల్యే?" అన్నారాయన. చీపురుని ఇక్కడ అలా అంటారు. ఆయనా నవ్వారు, ఆవిడా నవ్వింది. తర్వాత ఫోన్లో మీ స్టేషను బోర్డు ఫొటో చూపించాను. ఆ తెలుగు అక్షరాలు మనవరాలు పైకి చదివింది. ఆయన ఇంకోసారి చదవమన్నారు. మళ్ళీ ఇంకోసారి.

ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. లెక్కల మాస్టారు కదా, ప్రశ్నలు వేశారు. సముద్రానికి ఎంత దూరం? కొండ ఉందా? చెరకు పండుతుందా? పండుతుందండీ, గోగు కూడా వేస్తారు అన్నాను. "అక్కడే చెరకుంటే, చెరకు నరకడానికి ఇంత దూరం ఎందుకొచ్చాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుంటే ఆయనకి చెప్పు.

ఆదివారం నన్ను పోర్ట్ లూయీ తీసుకెళ్ళారు. ఆప్రవాసీ ఘాట్ అని, ఓడలు దిగిన రేవు. 1834 నుంచి 1920 దాకా నాలుగున్నర లక్షల పైచిలుకు మనుషులు దిగారు అక్కడ. యునెస్కో వాళ్ళు 2006లో వారసత్వ జాబితాలో చేర్చారు. నేనేదో పెద్ద కట్టడం ఊహించుకున్నాను. నల్లరాతి గోడలు, కొన్ని మెట్లు, పక్కనే హోరుమంటూ రోడ్డు. మిగిలింది ఆ కాస్తే. మొదట్లో వచ్చినవాళ్ళకి నెలకి 5 రూపాయల జీతమట. ఆయన మెట్ల దగ్గర ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తూ బస్సులో మాత్రం "మీ ముత్తాత ఎత్తెంత?" అని అడిగారు.

చీపురూ, ఎత్తు సంగతి దేవుడెరుగు, నాకు మా ముత్తాత పేరు తెలీదు. నీకు మీ ముత్తాత పేరు తెలుసా? ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళం కదా, మనకెవరూ కాగితం రాయలేదు.

ఇప్పుడు నీ పని. ఈ ఉత్తరం తెచ్చినాయనే ఆయన. మనవరాల్ని తీసుకుని రేపు తెల్లారగట్ల విమానానికి బయల్దేరుతున్నారు, ముంబయి మీదుగా విశాఖ. ముందు సింహాచలం దర్శనం, తర్వాత తిన్నగా నీ దగ్గరికి. చిక్కేంటంటే ఆ కాగితంలో మోకాలి మచ్చ ఉంది కానీ ఇంటిపేరు లేదు. ఇంటిపేరు తెలీకుండా మన వైపు ఎవర్ని పట్టుకోగలం? ఎవరింటికెళ్ళినా మొదట అడిగేది అదే కదా. "ఏ అప్పడు?" అంటారు. ఊరికో యాభైమంది అప్పళ్ళు.

మన మాస్టారుంటే అయిదు నిమిషాల్లో తేల్చేసేవారు. అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఎవరి తాత ఎవరికేమవుతాడో నాలుగు తరాలు చెప్పేవారు. శనివారం ఆ కాగితం చూసి నవ్వేశాక నాకు మొదట తోచింది, మాస్టార్ని అడుగుదామని. ఫోను చేతిలోకి తీసుకున్నాకే గుర్తొచ్చింది.

నేను పెద్దకర్మకి రాలేదు. టిక్కెట్టు దొరకలేదని మెసేజ్ పెట్టాను. దొరకకపోవడం కాదురా, నేను... ఇది ఇలా రాయలేను. వచ్చాక చెప్తాను. రైలుగేటు దగ్గర. నువ్వు అడగలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

సరే. ఆయనకి కారం తక్కువ పెట్టమని మా చెల్లెమ్మకి చెప్పు. ఎండలో తిప్పకు. ఇల్లు దొరక్కపోయినా ఫరవాలేదు, ఆ వయసు పెద్దవాళ్ళని నలుగుర్ని కూర్చోబెట్టి మాట్లాడనివ్వు. ఆ పిల్ల "తమరు" అంటే నవ్వకు, నవ్వితే నీ సంగతి చెప్తాను. ముఖ్యంగా ఎవరైనా ఆయన ముందు "ఓలమ్మో" అనేలా చూడు. మీ అత్తగారున్నారుగా, ఆవిడ చాలు.

ఇదంతా రాసేసరికి మూడున్నరైంది, కింద లైట్లు వేశారు. కారొచ్చినట్టుంది. ఆయన మెట్ల దగ్గర నిలబడి పిలుస్తున్నారు, ఇదే కవర్లో పెట్టేస్తున్నాను. అన్నట్టు ఆ నీలం గొడుగు సంగతి, అసలు ఆ రోజు దాన్ని తీసింది నేను కాదురా, అది