కుక్కర్‌తో చేతులెత్తిన రాత్రి

ఒరేయ్ మూర్తీ,

ముందు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేసి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ "నేనిక్కడ క్షేమం" దగ్గరే ఆగిపోయాను. అమ్మాయి కాలేజీలో చేరింది. చిన్నోడికి పళ్ళకి క్లిప్పులు వేశారు, వారం రోజులుగా మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. నా ఉద్యోగం ఇంకా ఉంది. మీ నాన్నగారి కన్ను ఎలా ఉందో తప్పకుండా రాయి. కుశలాలు అయిపోయాయి.

ఇప్పుడు విను. పోయిన శనివారం రాత్రి ఒక తలుపుకి అవతల ఒకాయన తుపాకీ పట్టుకుని, ఇవతల నేను కుక్కర్ పట్టుకుని నిలబడ్డాం.

కంగారు పడకు, ఉత్తరం రాస్తున్నానంటే బాగానే ఉన్నాననేగా. కానీ మొదట్నించీ చెప్పకపోతే నా వెధవతనం నీకు పూర్తిగా అర్థం కాదు.

గ్రీన్ కార్డు వచ్చిందని రాశాను కదా. ఇక్కడ హెచ్‌1బీ మీద ఉన్నవాడు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, అది ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. నవ్వకు, ఆ దారిలో వెళ్ళినవాళ్ళు మనవాళ్ళలోనే ఉన్నారు, జన్మలో కుందేల్ని కూడా అదిలించని బ్యాచ్. గ్రీన్ కార్డు వస్తే ఆ అడ్డు పోతుంది. ఇన్నేళ్ళూ నాకు ఆ ఆలోచనే లేదు. మరి ఎప్పుడు పట్టుకుందంటావా, మార్చిలో సుధాకర్ వాళ్ళ పాప పుట్టినరోజున. వాడు నీళ్ళ సీసాల అట్టపెట్టె ఎత్తడానికి వంగాడు, చొక్కా పైకి జరిగింది, నడుం దగ్గర ప్యాంటు లోపల్నించి నల్లటి పిడి! సుధాకర్‌రా! బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కే సుధాకర్. అడిగితే చాలా మామూలుగా "రెండేళ్ళ నుంచీ పెట్టుకుంటున్నా" అన్నాడు. అంటే రెండేళ్ళుగా వాడు మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని భోజనం చేసినప్పుడల్లా అది నడుముకి ఉంది. చొక్కా మీద దాని ఆకారం కనిపిస్తే "ప్రింటింగ్" అంటారట, కనిపించకూడదని వాడు ఒక సైజు పెద్ద చొక్కాలు కొంటున్నాడు. మేమేమో లావయ్యాడు కాబోలు అనుకున్నాం.

ఆ రోజు కేకు పక్కన పెట్టి రెండు గంటలు వాదించుకున్నాం. సుధాకర్ ఇండియానా సంగతి ఎత్తాడు. 2022 జులైలో గ్రీన్‌వుడ్‌లో ఒక మాల్‌లో ఒకడు కాల్పులు మొదలుపెడితే, దాచుకున్న పిస్టల్‌తో ఒక 22 ఏళ్ళ కుర్రాడు 15 సెకన్లలో వాణ్ణి ఆపేశాడు. "పోలీసులు వచ్చేదాకా ఎంతమంది పోయేవారు, చెప్పు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. మా ఆవిడ ఊరుకుంటుందా? 2021లో కొలరాడో, అర్వాడాలో ఒకాయన ఇలాగే అడ్డుపడి దుండగుణ్ణి కాల్చాడు. అప్పుడే అక్కడికి వచ్చిన పోలీసు ఈయన్నే దుండగుడనుకుని కాల్చి చంపేశాడు. "చేతిలో తుపాకీ ఉన్నవాడు మంచివాడో చెడ్డవాడో నుదుటిమీద రాసుంటుందా?" అంది. అది కూడా నిజమే కదా అనిపించింది. నా సంగతి నీకు తెలిసిందే, చివర మాట్లాడినవాళ్ళదే రైటు.

అసలు మా అందరి లోపలా ఉన్నది ఒలేత ఊళ్ళో జరిగిందే. 2017 ఫిబ్రవరి, కాన్సస్‌లో ఆ బార్. మన హైదరాబాద్ ఇంజనీరు, ఆఫీసయ్యాక స్నేహితుడితో కూర్చున్న మనిషి. "ఏ వీసా మీద వచ్చారు" అని గొడవపెట్టుకున్నవాణ్ణి బయటికి పంపేస్తే, తుపాకీతో తిరిగొచ్చి చంపాడు. ఆ వారం మేమెవ్వరం బయట తెలుగులో గట్టిగా మాట్లాడలేదు, నీకు ఫోన్లో చెప్పాను గుర్తుందా. "అప్పుడు పక్క బల్ల దగ్గర ఒక్కడి దగ్గర ఉండుంటే..." అంటాడు సుధాకర్. మా ఆవిడంటుంది, "అక్కడ వాడి మీదికి దూకి తూటా తిన్న అమెరికా కుర్రాడి చేతిలో ఏముంది? ఏమీ లేదు." దీనికి జవాబు నా దగ్గర లేదు. రెండూ నిజాలే, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. సరే, దారి తప్పుతున్నాను.

మొత్తానికి నేను తుపాకీ లైసెన్సు క్లాసులో చేరాను. మా టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డులేనివాడు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. అయినా లైసెన్సు ఇంకా ఇస్తారు, వేరే కొన్ని రాష్ట్రాల్లో అది చెల్లుతుందని తీసుకుంటారు. మా మేష్టారు మాజీ సైనికుడు, మన డ్రిల్లు మాష్టారి మీసాలే, నీకు వేరే చెప్పక్కర్లేదు. మొదట కిల్లీన్ అనే ఊరి కథ చెప్పాడు. 1991లో అక్కడ హోటల్లో ఒకడు 23 మందిని చంపాడు. సుజానా హప్ అనే ఆవిడ అమ్మానాన్నలతో భోజనానికి వెళ్ళింది. ఆవిడ తుపాకీ బయట కారులో ఉంది, అప్పటి చట్టం ప్రకారం వెంట తెచ్చుకోకూడదని వదిలేసింది. అక్కడే ఇద్దరూ పోయారు. తర్వాత ఊరూరా తిరిగి చెప్పింది. 1995లో టెక్సస్ చట్టం మారింది, మరుసటి ఏడు ఆవిడ శాసనసభకి గెలిచింది. క్లాసులో చీమ చిటుక్కుమనలేదు. నాకూ గొంతు పట్టేసింది.

ఇక పరీక్ష. 50 తూటాలు, కాగితం మీద మనిషి నీడ బొమ్మ. 3 గజాల నుంచి 20, 7 నుంచి 20, 15 నుంచి 10. మొత్తం 250 మార్కులు, 175 వస్తే పాసు. నాకెన్నొచ్చాయో చెప్పనా? 231! లెక్కల్లో కూడా ఎప్పుడూ రాలేదురా ఆ శాతం. ఆ కాగితం బొమ్మని చుట్టచుట్టి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాన్ని గరాజ్ గుమ్మం దాటనివ్వలేదు. ఆసుపత్రిలో పనిచేస్తుంది కదా, తన లెక్కలు తనవి. 2021లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48,830 మంది పోతే అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. "దొంగ ఎప్పుడొస్తాడో తెలీదు, ఇంట్లో దిగులు మాత్రం ఏ రోజైనా రావచ్చు" అంది, చిన్నోడి గది వైపు చూస్తూ. నేనేం మాట్లాడలేదు. అయినా దుకాణానికి వెళ్ళి ఒకటి చూసి, పక్కన పెట్టమని చెప్పొచ్చాను. ఇది తనకింకా తెలీదు. నువ్వు నోరు జారకు.

ఇప్పుడు శనివారం. సుధాకర్ వాళ్ళ దగ్గర ఐదు లీటర్ల కుక్కర్ అరువు తెచ్చుకున్నాం. వాళ్ళు ఊళ్ళో లేరు, తలుపు కోడ్ చెప్పి లోపల పెట్టేయమన్నారు. రాత్రి పదిన్నర. వాళ్ళ కాలనీ నీకు ఫొటోల్లో తెలుసుగా, ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు, అదే ఇటుక, అదే గుమ్మం, ఒకే వీధి పేరుకి ఒక చోట లేన్, ఇంకో చోట డ్రైవ్. వాళ్ళది లేన్, నేను డ్రైవ్‌లోకి పోయాను. ఎడంచేత్తో కుక్కర్ గుండెకి ఆనించుకుని కుడిచేత్తో కోడ్ నొక్కాను. ఎర్ర లైటు. మళ్ళీ నొక్కాను. ఎర్ర లైటు. మూడోసారికి విసుగొచ్చి తలుపుని భుజంతో కాస్త నెట్టాను కూడా.

లోపల అరుస్తున్న కుక్క టక్కున ఆగింది. సుధాకర్‌కి కుక్క లేదన్న సంగతి నాకప్పుడు వెలిగింది.

"సర్, తలుపు దగ్గర్నించి వెనక్కి జరగండి. నా దగ్గర తుపాకీ ఉంది." ముసలి గొంతు. మర్యాదగా సర్ అంటున్నాడు, అదే ఎక్కువ భయం. వరండా లైటు భగ్గున వెలిగింది. చేతులెత్తుదామంటే చేతుల్లో కుక్కర్. కింద పెడదామంటే, బోస్టన్ మారథాన్‌లో 2013లో పేలినవి ప్రెషర్ కుక్కర్లే కదా! అర్ధరాత్రి గోధుమరంగు మనిషి తలుపు నెట్టి, గుమ్మంలో కుక్కర్ పెట్టి వెనక్కి నడిస్తే ఎలా ఉంటుంది? అందుకని దాన్నే రెండు చేతులతో నెత్తి మీదకి ఎత్తాను. పదహారేళ్ళ అమెరికా ఇంగ్లీషు గాల్లో కలిసిపోయింది. నా నోట్లోంచి వచ్చిన మాట, ఒట్టు, "సారీ అంకుల్!"

మూత జారి మెట్ల మీద పడింది. ఆ చప్పుడుకి ఆయన కాల్చి ఉంటే తప్పు ఎవరిదని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

కాల్చలేదు. కాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. నిక్కరులో ఒక పెద్దాయన, వెనకాల ఫోన్ చెవికి పెట్టుకుని ఆయన భార్య. పిస్టల్ మూతి నేలకి ఉంది, చూపుడు వేలు ట్రిగర్ మీద కాదు, పక్కన నిటారుగా ఉంది. క్లాసులో ముప్పైసార్లు చెప్పిన పాఠం. ఆ స్థితిలో కూడా నేను ఆ వేలినే చూశాను, ఇంకేమీ చూడలేదు. ఆ వేలు ఊగిపోతోందిరా. నాకంటే ఆయనే ఎక్కువ వణుకుతున్నాడు. సంగతి చెప్పాక ఆయనే మూత ఏరి ఇచ్చాడు, పోయిన వారం ఎవరో కారు అద్దం పగలగొట్టారట, అప్పట్నించీ నిద్ర లేదట. వెళ్తుంటే భుజం తట్టి సారీ చెప్పాడు. ఆయనెందుకు చెప్పాలి? నెట్టింది నేను.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఏడ్చి, తిట్టి, ఆ తర్వాత చెప్పింది. 1992లో బేటన్ రూజ్‌లో పదహారేళ్ళ జపాన్ కుర్రాడు పార్టీకి వెళ్తూ ఇల్లు తప్పాడు, చంపేశారు, జ్యూరీ ఇంటాయన తప్పు లేదంది. 2023లో కాన్సస్ సిటీలో ఇంకో పదహారేళ్ళవాడు తమ్ముళ్ళని తెచ్చుకోడానికి వెళ్ళి పక్క వీధిలో బెల్లు కొట్టాడు. తలలో తూటా దిగినా బతికాడు. ఒకటి 115వ స్ట్రీట్, ఇంకోటి 115వ టెర్రస్. లేన్, డ్రైవ్ లాగే.

క్లాసులో ఆరుగంటలూ నేను తలుపు లోపలే ఉన్నానురా. నా ఇల్లు, నా పిల్లలు, బయట ఎవడో. ఆ బయటివాణ్ణి నేనే అవుతానని... నాకు తలుపుల గండం ఉందని, హాస్టల్లో నేను తప్పు తలుపు తట్టిన ఆ 14వ నంబర్ గది రాత్రే నువ్వన్నావు. ఆ సీనియర్ చేతిలో బకెట్ కాకుండా ఇంకేదైనా ఉండుంటే ఈ ఉత్తరాలే లేవు.

సుధాకర్‌కి చెబితే ఏమన్నాడో తెలుసా? "చూశావా, శిక్షణ ఉంది కాబట్టే ఆయన కాల్చలేదు." మా ఆవిడేమో "ఆయన దగ్గర అది లేకపోతే కాల్చే ప్రశ్నే లేదు" అంది. మళ్ళీ ఇద్దరూ రైటే. ఆ దుకాణం నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, తియ్యలేదు. వద్దని చెప్పడానికీ నోరు రావట్లేదు. ఆ పెద్దాయన నిద్ర లేకుండా కూర్చున్న ఆ వారం నాకొస్తే అప్పుడు నేను

అయ్యో, నాలుగున్నర! చిన్నోణ్ణి పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, బయట కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. మిగతాది తర్వాత. కుక్కర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది.

నీ
రవి