గాలాడని గాజుపెట్టె

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రఘూ,

నీకు బెంగళూరు నుంచి గుంటూరు బదిలీ అయిందని చదివి నీకంటే మా అమ్మే ఎక్కువ సంతోషించింది. బ్రాడీపేటలో ఇల్లు దొరకడం ఇంకా మంచి మాట. కానీ ఉత్తరం చివర ఒక ముక్క రాశావు చూడు, "అబ్బాయి కంప్యూటర్‌కు క్యాబినెట్ చూశాను, ముందంతా గాజు, మూడు రంగుల ఫ్యాన్లు, మూడున్నర వేలే" అని. అది చదివాక కాఫీ గొంతు దిగలేదు. డబ్బు కట్టకపోయి ఉంటే ఆగు. కట్టేస్తే వెనక్కి తీసుకో.

అచ్చం అలాంటిదే నేను కిందటేడు ఏప్రిల్‌లో గవర్నరుపేటలో కొన్నాను. దుకాణంలో ఏసీ చల్లదనంలో, దీపాల వెలుగులో పెళ్లిపందిరిలా కనిపించింది. ఇంటికి తెచ్చి బిగించానో లేదో మే నెల వచ్చిపడింది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, మా గదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా 37 డిగ్రీలు. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, పగలంతా కాగిన కొండరాళ్లు రాత్రికి మన మీద కసి తీర్చుకుంటాయి. మా చిన్నవాడు ఆట మొదలుపెట్టిన పావుగంటకే ప్రాసెసర్ 89 డిగ్రీలకు చేరేది. మాది రైజెన్ 5 5600, దాని హద్దు 90. హద్దు తాకితే కాలిపోదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వాడేమో ఇంటర్నెట్ బాగాలేదని నా మీద విసుక్కునేవాడు.

ఒకరోజు పక్క పలక ఊడదీసి మంచం మీద పెట్టి, ఆడుకోమన్నాను. పది నిమిషాల్లో 78కి దిగింది. ప్రాసెసర్ మీద ఉండి దాన్ని చల్లబరిచే కూలర్ మార్చాలేమోనని అప్పటిదాకా నేను డబ్బు లెక్కలు వేసుకుంటున్నాను! నీకూ ఈ పరీక్ష పనికొస్తుంది: పలక తీయగానే వేడి బాగా తగ్గిందంటే ఆ పెట్టెకు ఊపిరాడటం లేదు.

గాజు వెనకాల మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, కాదనను. వాటికి గాలి అందేది మాత్రం పక్కన చిటికెనవేలు దూరనంత సందులోంచి. మా తాతగారింట్లో వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా ఉండేవి, గుర్తుందా? రెండూ తీస్తే విసనకర్రతో పనుండేది కాదు. వీధి తలుపు మూసేస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. ఇక్కడా అంతే.

అంతకంటే వింత ఇంకొకటి. వెనక ఫ్యాన్ గాలిని బయటికి తోయాలి కదా, దుకాణంలో కుర్రాడు దాన్ని తిరగేసి బిగించాడు. నేను కనిపెట్టింది అగరొత్తితో. పొగ వెనక నుంచి లోపలికి పోతోంది! "ఇప్పుడు కంప్యూటర్‌కు కూడా పూజలా?" అని అమ్మ ఒకటే నవ్వు. గుర్తు సులువే: ఫ్యాన్‌కు అడ్డకమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది.

చివరికి ముందంతా సన్నటి ఇనుప జాలీ ఉన్న క్యాబినెట్ కొన్నాను, మూడు వేల పైచిలుకు. రంగుల దీపాలు లేవు, చిన్నవాడు రెండు రోజులు అలిగాడు. ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. అంతే, అదే గదిలో అదే ఆటకు ఇప్పుడు 76 దాటడం లేదు. పైకప్పులో ఇంకొకటి పెడదామని నేనూ ఉబలాటపడ్డాను. పైన, ముందు వైపుకు పెడితే, కూలర్‌కు అందాల్సిన చల్లగాలిని అది మధ్యలోనే లాగేస్తుంది. వద్దని వదిలేశాను.

అయితే ఒకటి ముందే చెబుతున్నాను. ఏ ఫ్యానూ గదికంటే చల్లగా చేయలేదు. బెంగళూరులో మీ గది 25 డిగ్రీలుంటే, గుంటూరులో మే నెలలో 38 ఉంటుంది. లోపలి వేడి కూడా దాదాపు ఆ పదమూడూ పెరుగుతుంది. పైగా నువ్వు పెట్టాలనుకుంటున్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, ఆ కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది.

ఫ్యాన్లు విడిగా కొంటే ఆర్కిటిక్ పీ12 చూడు. ధర తక్కువ, నిమిషానికి 1800 చుట్లు, జాలీలు, ఫిల్టర్లు అడ్డున్నా గాలిని తోస్తుంది. ఏది కొన్నా నాలుగు పిన్నులది తీసుకో, అప్పుడు వేడిని బట్టి మదర్‌బోర్డు దాని వేగం సర్దుతుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి నేరుగా కరెంటు తీసుకునే చవక రకాలున్నాయి, అవి పగలూ రాత్రీ ఒకే జోరున రొద పెడతాయి. ఇరుసు నూనెలో తిరిగే స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లను మన ఎండలకు నేను నమ్మను. వేడికి లోపలి నూనె ఎండిపోయి ఏడాదికే గరగరమంటాయి.

క్యాబినెట్‌లో ఏవి పడతాయో దుకాణం వాణ్ణి అడగకు, కూలర్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు పొడవు నువ్వే రాసుకుని వెళ్లు.

దుమ్ము సంగతి నీకు చెప్పాలా? లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే, సందుల్లోంచి దుమ్ము దూరదు, వచ్చేది ఫిల్టర్‌కే అంటుకుంటుంది. నెలకోసారి దాన్ని కడిగి, బాగా ఆరాక పెట్టు. ఫ్యాన్లను రంగులేసే కుంచెతో తుడిచేటప్పుడు రెక్క తిరగకుండా వేలితో పట్టుకో.

ఇక మీ ఆవిడ ముచ్చటపడి కొన్న కంప్యూటర్ బల్ల గురించి. అందులో క్యాబినెట్ పెట్టడానికి మూడువైపులా మూసిన గూడు ఉంటుంది చూడు, దాంట్లో మాత్రం పెట్టకు. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. పక్కన పీట వేసి, వెనక గోడకు జానెడు దూరం వదులు. నీళ్ల కూలర్ ఎదుట పెడితే సరి అని రాశావు, ఆ తేమ లోపలికి కొట్టడం నాకు ఇష్టం లేదు. కూలర్ నీకు, క్యాబినెట్‌కు కాదు.

సామాను లారీలో వేసేటప్పుడు క్యాబినెట్‌కు పక్కన గాజు పలక ఉంటే దాన్ని విడిగా దుప్పట్లో చుట్టు. దించాక దాని అంచును గచ్చు పలకల మీద ఆనించకు, ఒక్క దెబ్బకు పిండిపిండి అవుతుంది. పరుపు మీద పడుకోబెట్టు. బిగించే రోజు చెప్పు, మొదటి బస్సుకే వస్తాను. అగరొత్తులు నేనే తెస్తాను.

నీ
శీను