డార్జిలింగ్ వెళ్తానన్న బిడ్డకు

బంగారూ,

మొన్న ఫోన్‌లో డార్జిలింగ్ పోయి కొండలెక్కడం నేర్చుకుంటానన్నావు. ‘బంగారంలాంటి ఉద్యోగం పెట్టుకుని ఇదేం పిచ్చి’ అన్నారు నాన్న. ఆయన గొంతులో నా మాట కలిసిపోయింది. అందుకే రాస్తున్నా.

మనం ఆ ఊరెళ్ళినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. మోమోలు, జూలో ఎర్ర పాండా తప్ప ఏమీ గుర్తులేవంటావు. బొమ్మరైలు కూడా గుర్తులేదా? రెండడుగుల వెడల్పు పట్టాలు, 1881 నాటి లైను. కొండ మరీ నిటారుగా ఉన్నచోట అది కాసేపు వెనక్కి నడిచి, ఇంకో పట్టా మీద పైకెక్కుతుంది. ‘ఇంటికెళ్ళిపోతున్నామా’ అని నువ్వు ఒకటే ఏడుపు. 7,407 అడుగుల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషన్లో వేడి టీ పడ్డాక గానీ నాకు పళ్ళు టకటకలాడటం ఆగలేదు. టైగర్ హిల్ మీద సూర్యోదయమని చీకట్లోనే లేపి జీపెక్కించారు మీ నాన్న. చూసింది మబ్బు. కాంచన్‌జంగ మాత్రం మర్నాడు హోటల్ బాత్రూం కిటికీలోంచి నిండుగా కనిపించింది!

ఆ జూకి పద్మజా నాయుడు పేరు పెట్టారు. సరోజినీ నాయుడు కూతురు, మన హైదరాబాదులో పుట్టినావిడ, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేసింది. దాని పక్కనే నువ్వు చేరతానంటున్న పర్వతారోహణ సంస్థ. అక్కడ టెన్జింగ్ విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. 1935లో మొదటిసారి ఎవరెస్టు దగ్గరికి వెళ్ళింది మూటలు మోసే కూలీగా. శిఖరం మీద కాలు పెట్టింది 1953 మే 29న. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. ఆ మరుసటి ఏడాదే ఆ సంస్థ పెట్టి, శిక్షణ ఇచ్చే బాధ్యత ఆయనకే అప్పగించారు.

మన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ తర్ఫీదు పొందిందీ అక్కడే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి పూర్ణకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. కూలిపని చేసుకునే అమ్మానాన్నలు ఆ పిల్లని పంపారు. నేను నిన్ను ఆపితే నా మొహం నేనే చూసుకోలేను.

అయితే ఒక మాట. ఉద్యోగానికి రాజీనామా ఇప్పుడే వద్దు. బేసిక్ కోర్సు 28 రోజులే కదా, ముందు సెలవడుగు. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం. ఈ విషయంలో నాన్న చెప్పింది సగం నిజమే, ఆయనతో అనకు. మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారట. ఆ దగ్గు సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పు.

మెట్రో ఎస్కలేటర్లు మాని మెట్లెక్కు. వచ్చే ఆదివారం భువనగిరి రా. పూర్ణ వాళ్ళు మొదట పాకింది ఆ కోట బండ మీదే. నేను నాన్నని తీసుకొస్తా. పులిహోర కలుపుకొస్తా గానీ నువ్వు పైదాకా ఎక్కి దిగాకే డబ్బా తీస్తా.

అమ్మ