జలకన్య పేర్ల కార్డుల్లో తప్పులు: సరిచేసి మళ్లీ పంపుతున్నాం

మా దగ్గర పసిపిల్లల దుప్పట్ల మీద పేర్లు కుట్టించుకున్న అందరికీ నమస్కారం. 'జలకన్య పేర్లు' వరసలో దుప్పటితో పాటు, పేరుకు అర్థం అచ్చువేసిన చిన్న కార్డు కూడా పంపుతున్నాం కదా. వాటిలో కొన్ని తప్పులు దొర్లాయి. దొరికిన అర్థాలను సరిచూడకుండా అచ్చుకి ఇచ్చింది నేనే. క్షమించండి.

ముందుగా ఏరియల్. 'సముద్రపు కూతురు' అని వేశాం. అది హీబ్రూ పేరు, 'దేవుని సింహం' అని అర్థం. బైబిల్లో యెషయా గ్రంథం యెరూషలేమును ఇదే పేరుతో పిలుస్తుంది. 1837లో ఆండర్సన్ రాసిన చిన్ని జలకన్య కథలో నాయికకు అసలు పేరే లేదు. 1989లో వచ్చిన డిస్నీ సినిమాలో ఆమె ఏరియల్ అయింది. అప్పటి నుంచే ఈ పేరు వినగానే సముద్రం గుర్తొస్తోంది.

లోరెలై కార్డు మీద 'పాడే జలకన్య' అని ఉంది. అది జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న ఒక కొండ పేరు. 'లై' అంటే బండరాయి. పాటతో పడవవాళ్లను మైమరపించే స్త్రీగా ఆ కొండను మలిచింది తర్వాతి కవులు, 1801లో బ్రెంటానో, 1824లో హైనే. కథ ఎంత అందంగా ఉన్నా దాన్ని అర్థంగా అచ్చువేయకూడదు. ఇకపై కార్డుకు ఒకవైపు అర్థం, రెండోవైపు కథ ఉంటాయి.

మరీనా (సముద్రానికి చెందినది), నెరిస్సా (గ్రీకుల సముద్రకన్యలు నెరీయిడ్ల పేరు నుంచి), ఊండీన్ (లాటిన్‌లో 'ఉండ', అంటే అల) కార్డులు సరిగ్గానే ఉన్నాయి.

సరిచూసుకునే పనిలో నా మనసు దోచిన పేరు ముర్గెన్. ఐర్లండ్ గాథలో లీ బాన్ అనే రాజకుమార్తె ఉంది. నీళ్లు పొంగి 'నే' అనే సరస్సు పుట్టినప్పుడు ఇంటివాళ్లలో చాలామంది మునిగిపోయినా ఆమె బతికింది. నడుము కింద సాల్మన్ చేపగా మారి 300 ఏళ్లు నీళ్లలోనే గడిపింది. ఆమె పెంపుడు కుక్క నీటికుక్కగా మారి వెంటే తిరిగింది. చివరికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆమెకు పెట్టిన పేరే ముర్గెన్, 'సముద్రంలో పుట్టినది'. జలకన్యకు ఇంతకన్నా తగిన పేరు నాకు దొరకలేదు. దీన్ని కొత్తగా చేరుస్తున్నాం.

సువన్నమచ్చను కూడా చేరుస్తున్నాం. థాయ్‌లాండ్ రామాయణం రామకియన్‌లో ఈమె రావణుడి కూతురు. వారధి కట్టకుండా అడ్డుపడటానికి వచ్చి హనుమంతుడిని ప్రేమిస్తుంది. సువర్ణ మత్స్యం అనే మాటే అక్కడ అలా పలుకుతుంది, కాబట్టి ఈ పేరుకు మనకు కార్డు కూడా అక్కర్లేదేమో.

మత్స్యగంధిని ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. సత్యవతి చేప కడుపున పుట్టిందే గానీ జలకన్య కాదు, అందుకే పెట్టలేదు.

ఏరియల్, లోరెలై దుప్పట్లు తీసుకున్నవాళ్లకు కొత్త కార్డులు మేమే పంపుతాం, ఖర్చు మాదే. పాతవి వెనక్కి పంపనక్కర్లేదు. చిరునామా మారినవాళ్లు మాత్రం ఆర్డర్ నంబరుతో ఒక మెసేజ్ పెట్టండి.